పొత్తంటే ముందు గాలి కుదరాలి

శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మేడెక్కి చూసే నెల్లూరోళ్ళం గదా, ఇక్కడ సైన్స్ ఫిక్షన్ రాసే పిల్లకాయలకు కొదవ లేదు. ఈమధ్య వాళ్ళ కథలు వరసబెట్టి చదివా. అన్నిట్లో ఒకటే తంతు: బద్ధశత్రువులిద్దరు ఒకే ఓడలో ఇరుక్కుంటారు, రెండో పేజీకల్లా అన్నదమ్ములైపోతారు. అంత సులువా?

1975 జులైలో అమెరికా వాళ్ళ అపోలో, రష్యావాళ్ళ సోయుజ్ అనే రెండు అంతరిక్ష ఓడలు కక్ష్యలో కలిసిన వైనం చూడండి. సోయుజ్‌లో మనం పీల్చే గాలే, మామూలు పీడనం. అపోలోలో దాంట్లో మూడో వంతు పీడనం, అదీ ఉత్త ఆక్సిజన్. నేరుగా తలుపు తీస్తే సోయుజ్ వాళ్ళ రక్తంలో నైట్రోజన్ బుడగలు కట్టి కీళ్ళు పట్టేస్తాయి. అందుకే మధ్యలో గాలి మార్చుకునేందుకు ఒక గది పెట్టారు. సోయుజ్ కూడా తన పీడనాన్ని మూడింట రెండొంతులకు దించుకుంది. ఇక ఓడలు ఒకదానికొకటి తగులుకునే రింగులు రెండువైపులా ఒకే తీరు. ఆడపెళ్ళివారు, మగపెళ్ళివారు అన్న పేచీయే లేదు!

కథలోనూ ఎవరు ఎంత దిగొచ్చారో కొలతతో రాయండి. ఆ మధ్యగదిలో కూర్చుని ఎదురుచూసేటప్పుడే అనుమానాలన్నీ బయటికొస్తాయి.

విధేయత చీలడానికి దూరమొక్కటి చాలు. భూమి నుంచి అంగారకుడికి కబురు చేరాలంటే సుమారు 3 నుంచి 22 నిమిషాలు, జవాబుకి మళ్ళీ అంత. "ఆ శత్రువుని వదిలేసి రా" అని భూమి నుంచి ఆర్డరొచ్చేసరికి వాడు మనోడి ఆక్సిజన్ వాల్వు బాగుచేస్తూ ఉంటాడు. లేజర్ తుపాకులు పక్కనబెట్టి, ఆ నిమిషాలు రాయండబ్బా.