మూసీ నీళ్లలో ఊపిరి కొలిచిన నెల

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి మూసీని ఎంచుకున్నది నేనే. నాగోల్ వంతెన దగ్గర, ఒక నాలా వచ్చి నదిలో కలిసే చోట మొదటి శాంపిల్ తీశాను. నీటిలోని ఆక్సిజన్‌ని అక్కడికక్కడే ఫిక్స్ చేయాలి, అంటే మందులు వేసి దాని మోతాదు మారకుండా పట్టి ఉంచాలి. 300 మిల్లీలీటర్ల సీసాలో గాలిబుడగ లేకుండా నీళ్లు నింపి, మాంగనీస్ సల్ఫేటు, ఆ తర్వాత ఆల్కలీ అయొడైడ్ అజైడ్ వేసి మూత పెట్టి తిప్పాను. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు అవక్షేపం దిగాలి. నా సీసాలో పాలు విరిగినట్టు తెల్లగా దిగింది. అంటే ఆ నీటిలో ఆక్సిజన్ లేదు. పుస్తకంలో చదివిన విషయమే, కానీ చేతిలో సీసా పట్టుకుని చూస్తే గుండె జారిపోయింది.

పక్కనే పశువుల మేత కోసం పారాగడ్డి కోస్తున్న ఒక పెద్దావిడ అడిగింది, "ఏం జూస్తున్నవ్ బిడ్డా?" నీళ్లలో గాలి ఎంతుందో చూస్తున్నానన్నాను. "నా చిన్నప్పుడు గీడ చేపలు పట్టేటోళ్లు" అని మళ్లీ గడ్డి కోతలో పడింది.

అసలు పని బీఓడీ. నీటిలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చెప్పే లెక్క అది. మన దగ్గర 27 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో మూడు రోజులు ఉంచి కొలుస్తారు. శుక్రవారం పెడితే సోమవారం తీయాలి. అందుకే ఒక్క తప్పు చేసినా వారం పోతుంది.

మొదటి వారం నేను చేసిన తప్పు డైల్యూషన్‌లో. సీసాకి 60, 30 మిల్లీలీటర్ల చొప్పున శాంపిల్ పోసి, మిగతాది గాలి పట్టించిన డైల్యూషన్ నీటితో నింపాను. సోమవారం అన్నిట్లోనూ మళ్లీ అదే తెలుపు. ల్యాబ్ అన్న చూసి, "మోరీ నీళ్లు ఇన్ని పోస్తే గాలి యాడ సరిపోతదమ్మా" అన్నారు. మూడో రోజుకి లీటరుకి కనీసం 1 మిల్లీగ్రాము ఆక్సిజన్ మిగలాలి, కనీసం 2 ఖర్చవ్వాలి. లేకపోతే ఆ రీడింగ్ చెల్లదు. రెండో వారం ఆదివారమంతా కరెంటు లేదు. ఆ సీసాలన్నీ పారబోశాను.

మూడోసారి శాంపిల్ 15 మిల్లీలీటర్లకి తగ్గించాను. సోమవారం పొద్దున మూత తీసి మందులు వేస్తుంటే చేతులు వణికాయి, అంత టెన్షన్. గోధుమరంగు దిగింది! యాసిడ్ వేస్తే పసుపు. థయోసల్ఫేటు చుక్కచుక్కగా వదిలి, రంగు పలచబడ్డాక స్టార్చ్ వేస్తే నీలం. మరో రెండు చుక్కలకి ఆ నీలం పోయింది. ఎంత థయోసల్ఫేటు పట్టిందో దాన్నిబట్టే ఆక్సిజన్ లెక్క. మొదటి రోజు లీటరుకి 7.6 మిల్లీగ్రాములున్న ఆక్సిజన్ 3.4కి దిగింది. తేడా 4.2. ఇరవై రెట్లు పలచన చేశాను కాబట్టి బీఓడీ 84.

స్నానానికి పనికొచ్చే నీటిలో బీఓడీ లీటరుకి 3 మిల్లీగ్రాములు మించకూడదు. అనంతగిరి కొండల్లో పుట్టిన నది ఇది. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేసే ప్లాంటు ఉన్నా, దాన్ని చేరని నాలా ఒక్కటున్నా చాలు, అది కలిసే చోట నీళ్లకి ఊపిరాడదు. ఆ పెద్దావిడ ఆ నీళ్లలోనే మోకాళ్లదాకా దిగి గడ్డి కోస్తుంది.

మేడం నోట్‌బుక్ చూసి, బ్లాంక్‌లో, అంటే శాంపిల్ కలపని ఉత్త డైల్యూషన్ నీటి సీసాలో, ఆక్సిజన్ ఎంత తగ్గిందని అడిగారు. చూపించాను. సంతకం చేసి, ఒక్క రోజు లెక్కతో ఏమీ రాయొద్దన్నారు. ఆ శుక్రవారం ఐస్ డబ్బాలో పన్నెండు సీసాలు సర్దుకుని మళ్లీ నాగోల్ బస్సెక్కాను.