ఇన్‌పుట్ కెపాసిటర్ ఎక్కడ పెట్టావురా?

స్విచింగ్ కన్వర్టర్ (కరెంటుని వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వోల్టేజి మార్చే సర్క్యూట్) బోర్డు ఎవరు తెచ్చినా నేను ముందు ఐసీ నంబరు చూడను. కరెంటు లోపలికొచ్చే వైపుండే ఇన్‌పుట్ కెపాసిటర్ ఎక్కడుందో చూస్తాను. సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

మా మేనల్లుడు కళింగపట్నం పడవల కోసం 12 వోల్టుల బ్యాటరీ నుంచి 5 వోల్టులిచ్చే బోర్డు చేశాడు, ఎల్‌ఎం2596 అనే స్విచింగ్ ఐసీతో. సర్క్యూట్‌కి వంక పెట్టలేం. ఆన్ చేస్తే మాత్రం పక్కనున్న రేడియోలో విశాఖ కేంద్రం మీద ఒకటే గీ అని మోత. "ఐసీ కూడా మార్చీసేను మావయ్యా, అదే గోల. ఏటి చెయ్యాలి?" అన్నాడు. వేటకెళ్లినవాళ్లు తుపాను కబురు వినే రేడియో అది.

ఈ ఐసీ నడిచేది 150 కిలోహెర్ట్జ్ దగ్గర. కానీ ఒక్కో ముక్క 127 నుంచి 173 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. స్విచింగ్ మోత ఆ ఫ్రీక్వెన్సీకి రెండు రెట్లు, మూడు రెట్లు అలా పైపైనా వస్తుంది. 154.5 దగ్గర పడిందనుకోండి, దానికి ఆరు రెట్లు 927 కిలోహెర్ట్జ్. అదే విశాఖ స్టేషను! ఐసీ మారిస్తే మోత కాస్త అటో ఇటో జరుగుతుంది, అంతే. అసలు అది బోర్డు దాటి ఎంత బయటికి వస్తుందన్నది మనం గీసిన కాపర్ చేతిలో ఉంది.

వాడి బోర్డులో కెపాసిటర్ కనెక్టరు పక్కన అందంగా కూర్చుంది, డయోడ్ అవతలి మూల. కెపాసిటర్ నుంచి ఐసీలోని స్విచ్, అక్కడి నుంచి డయోడ్, గ్రౌండ్ మీదుగా మళ్లీ కెపాసిటర్: కరెంటు తటాలున పుట్టి తటాలున ఆగేది ఈ చుట్టులోనే. కాయిల్ తర్వాత అంతా నెమ్మదే. బోర్డు మీది రాగి దారి, అంటే ట్రాకు, మిల్లీమీటరుకి సుమారు ఒక నానోహెన్రీ ఇండక్టెన్స్ (కరెంటు మార్పుని అడ్డుకునే గుణం) అంటారు. 30 మిల్లీమీటర్లు సాగదీస్తే, 2 ఆంపియర్లు 50 నానోసెకండ్లలో మారేటప్పుడు ఆ ముక్క మీదే 1.2 వోల్టులు లేస్తాయి. గ్రౌండ్ అని పేరు పెట్టినంత మాత్రాన అది సున్నా అయిపోదు.

బ్లేడుతో పచ్చ పూత గీకి, రాగి మెరిశాక, ఐసీ ఇన్‌పుట్ అయిన ఒకటో పిన్నుకీ డయోడ్ గ్రౌండు కాలికీ మధ్య 1 మైక్రోఫారడ్ సిరామిక్ అతికించాం. పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఉండనే ఉంది. మోత సగానికి పైగా పడిపోయింది. పూర్తిగా పోలేదు, బ్యాటరీ వైర్లే యాంటెన్నాలు కదా. ఇన్‌పుట్‌కి చిన్న ఫిల్టరు కూడా పెట్టాలి.

"పవర్ గ్రౌండు, సిగ్నల్ గ్రౌండు వేరు చెయ్యాలన్నారు" అని మావాడు కింది లేయరు రాగి నడుమ గాడి కొట్టాడు. ఈ సలహా ఎవరిస్తారో గానీ, ఇలాంటి చిన్న బోర్డుకి నాకు నచ్చదు. హై ఫ్రీక్వెన్సీ కరెంటు తిరిగొచ్చేటప్పుడు తన ట్రాకు కిందనే రావాలని చూస్తుంది. గాడి అడ్డొస్తే చుట్టూ తిరుగుతుంది, చుట్టు పెద్దదవుతుంది. కింద రాగి అంతా ఒకటిగా వదిలెయ్యమన్నాను. అవుట్‌పుట్ వోల్టేజి ఎంతుందో ఐసీకి చెప్పే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ల గ్రౌండుని మాత్రం డయోడ్ దగ్గర కలపొద్దు.

కొత్త బోర్డు గీస్తున్నాడు. అయస్కాంత క్షేత్రం బయటికి పెద్దగా రానివ్వని షీల్డ్ ఉన్న కాయిల్ వెయ్యరా అంటే ధర ఎక్కువని గింజుకుంటున్నాడు. సరే, షీల్డ్ లేని ఆ డ్రమ్ కాయిలే ఉంచుకో, నాలుగో పిన్నుకెళ్లే ఫీడ్‌బ్యాక్ ట్రాకు మాత్రం దాని కిందనుంచి లాగావంటే మళ్లీ నా దగ్గరికి రాకు అని చెప్పాను.