దావీదు మిద్దె, పేతురు మిద్దె

మన చిత్తూరు వైపు ఇంటి పైభాగాన్ని మిద్దె అంటాం. తెలుగు బైబిల్లోనూ అదే మాట ఉంది. రెండవ సమూయేలు 11:2లో ప్రొద్దుగ్రుంకువేళ దావీదు పడక మీది నుంచి లేచి రాజనగరి మిద్దె మీద తిరుగుతున్నాడు. అపొస్తలుల కార్యములు 10:9లో పగలు పన్నెండు గంటలప్పుడు పేతురు ప్రార్థన చేసుకోవడానికి మిద్దె ఎక్కాడు. మొదటివాడు వ్యభిచారంలోకి, అక్కడి నుంచి హత్యలోకి దిగిపోయాడు. రెండోవాడు దిగివచ్చి, సువార్త చెప్పడానికి రోమా శతాధిపతి కొర్నేలి ఇంటికి బయల్దేరాడు.

దావీదు పతనం స్నానం చేస్తున్న స్త్రీ కనబడినప్పుడు మొదలైందని చాలామంది బోధిస్తారు. ఒక్క వచనం వెనక్కి వెళ్లి చూడండి. రాజులు యుద్ధానికి బయల్దేరే కాలం అది. సైన్యం అమ్మోనీయుల పట్టణం రబ్బాకు పోయింది, ఆయన యెరూషలేములో ఆగిపోయాడు. పగలు పడుకుని పొద్దుగూకే వేళ లేచాడు. చేతిలో పని లేదు, పక్కన మందలించే మనిషి లేడు, నోట ప్రార్థన ఉన్నట్టు ఆ అధ్యాయంలో ఎక్కడా కనబడదు. కన్ను పడేసరికే సగం ఓటమి అయిపోయింది.

శోధనతో, అంటే పాపం వైపు లాగే లాగుడుతో, పోరాడే విశ్వాసుల్లో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. రాత్రి పదకొండుకు మనసు కొట్టుకుంటుంటే అప్పుడు మోకాళ్లూనతారు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వినట్టు ఉంటుంది ఆ ప్రార్థన. దేవుడు దాన్ని వినడని అనను, వింటాడు. కానీ గెత్సేమనే తోటలో ప్రభువు శిష్యులకు చెప్పిన క్రమం వేరు. "మీరు శోధనలో ప్రవేశించకుండునట్లు మెలకువగా ఉండి ప్రార్థన చేయుడి" అన్నాడు (మత్తయి 26:41). ప్రవేశించకుండునట్లు అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. అప్పటికి ప్రధానయాజకుని ఇంటి ముంగిట నిప్పుల దగ్గర పేతురును ఎవరూ ఇంకా ఏమీ అడగలేదు. ప్రార్థించాల్సిన గంట తోటలో వచ్చింది, ఆ గంటలో నిద్రపోయాడు. కోడి కూయకముందే ప్రభువును ఎరుగనని మూడుసార్లు బొంకాడు.

కాబట్టి మొదటి పని మీ శోధన ఏ గంటలో వస్తుందో కనిపెట్టడం. అది ఎప్పుడు పడితే అప్పుడు వస్తుందనిపిస్తుంది గానీ, రాసి చూస్తే చాలామందికి రెండు మూడు వేళలే తేలతాయి. ఒక చిన్న నోటుబుక్కు తీసుకుని 7 రోజులు నాలుగు ముక్కలు రాయండి: ఎన్ని గంటలకు, ఎక్కడ, అంతకు గంట ముందు ఏం జరిగింది, ఒళ్లు ఎలా ఉంది. ఆకలా, నిద్రలేమా, ఒంటరితనమా, ఎవరి మీదైనా కోపమా, ఒక్క మాట చాలు. శోధన ఏమిటో మాత్రం విడమరిచి రాయొద్దు, ఒక చుక్క పెట్టండి. వివరంగా రాస్తే రాయడమే ఇంకో శోధనవుతుంది. వారం చివర ఆ పేజీ చూస్తే, తిరుపతి బైరాగిపట్టెడలో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదివే కుర్రాడికి రాత్రి పదిన్నర తర్వాత పరుపు మీద ఫోను కనబడుతుంది. కోడలికి సాయంత్రం ఆరుకు వంటగదిలో అత్తగారి మాట మీద లేచే కోపం కనబడుతుంది. ఇక ఆ గంటకు 4 గంటల ముందు మీ ప్రార్థన పెట్టుకోండి. పదిన్నర మనిషికి ఆరున్నర, ఆరు గంటల మనిషికి మధ్యాహ్నం రెండు. ఉదయం చేసుకునే ప్రార్థన మానమని అర్థం కాదు. దానికి ఇది అదనం, 5 నిమిషాలు సరిపోతుంది.

యాకోబు 1:14, 15 వచనాల్లో శోధన మెట్లు మెట్లుగా ఉంది. మొదట ఈడ్వబడటం, తర్వాత మరులుకొల్పబడటం. ఆపైన దురాశ గర్భం ధరించి పాపాన్ని కంటుంది, పాపం పరిపక్వమై మరణాన్ని కంటుంది. మరులుకొల్పబడటానికి గ్రీకులో వాడిన మాట ఎర వేయడానికి సంబంధించింది. చేప గాలాన్ని చూసి రాదు, ఎరను చూసి వస్తుంది. లాగుడు తెలిసిన క్షణానికీ ఎర నోట్లో పడే క్షణానికీ మధ్య చిన్న వ్యవధి ఉంటుంది. మనిషి చేతిలో ఉన్నది అదే. లాగుడు కలగడమే పాపమని హడలిపోయేవాళ్లు ఈ వ్యవధిని నేరభావంతో పోగొట్టుకుంటారు. "ఎలాగూ చెడిపోయాను" అనుకుని ముందుకే పోతారు. యేసు సమస్త విషయాల్లో మనవలెనే శోధింపబడ్డాడనీ, పాపం లేనివాడనీ హెబ్రీయులకు 4:15 చెబుతోంది. శోధన రావడం పాపమైతే ఆ వచనం నిలవదు.

ఆ వ్యవధిలో చేసే ప్రార్థన పొట్టిగా ఉండాలి, పేరు పెట్టి ఉండాలి, నోటితో పలకాలి. "ప్రభువా, నన్ను పరిశుద్ధపరచు" అని గుండ్రంగా చెప్పే ప్రార్థన ఆదివారం మందిరంలో బాగుంటుంది. పదిన్నరకు ఇలా చెప్పాలి: "ప్రభువా, ఒంటరిగా ఉన్నాను. ఫోనులో ఫలానాది చూడాలని మనసు లాగుతోంది. నా బలం చాలదు. ఇప్పుడు లేచి బయటికి పోతున్నాను, నాతో రా." ఉన్న స్థితి, శోధన పేరు, నా చేతకానితనం, నేను వేయబోయే అడుగు, ఈ నాలుగూ అందులో ఉన్నాయి. పలకడానికి పావు నిమిషం పడుతుంది. ఆ చివరి వాక్యం లేని ప్రార్థన తరచుగా ఓడుతుంది. పరుపు మీదే పడుకుని, ఫోను చేతిలోనే పెట్టుకుని విడిపించమని అడిగితే మన నోరు ఒకటి అడుగుతోంది, చెయ్యి ఇంకోటి అడుగుతోంది. యోసేపు పోతీఫరు ఇంట్లో తన వస్త్రాన్ని అతని భార్య చేతిలో విడిచి బయటికి పారిపోయాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10:13లో దేవుడు శోధనతో కూడ కలుగజేస్తానన్న "తప్పించుకొను మార్గము" చాలాసార్లు మామూలు గుమ్మమే.

ఇంకో పొరబాటు భక్తిపరుల్లో ఎక్కువ. శోధన గురించే ఇరవై నిమిషాలు ప్రార్థిస్తారు. ఏడుస్తారు, బతిమాలతారు, మళ్లీ దాన్నే తలచుకుంటారు. ప్రార్థన ముగిసేసరికి ఆ బొమ్మ ఇంకా గట్టిగా అతుక్కుని ఉంటుంది, ఎందుకంటే ఇరవై నిమిషాలూ కళ్లు దాని మీదే ఉన్నాయి. శోధన పేరు ఒక్కసారి చెప్పి వదలండి. వెంటనే ఇంకొకరి కోసం విజ్ఞాపన మొదలుపెట్టండి: ఆసుపత్రిలో ఉన్న మేనమామ, పెళ్లి కుదరని చెల్లెలు, అప్పుల్లో ఉన్న పక్కింటివాళ్లు. లేదా నిలబడి ఒక కీర్తన పైకి చదవండి. కళ్లు మూసుకుంటే బొమ్మలు ముసిరేవాళ్లు కళ్లు తెరిచే ప్రార్థించండి, అందులో తప్పేమీ లేదు. తిరుపతి బస్సులో నిలబడి చిత్తూరు పోయేవాడు ఎలాగూ కళ్లు తెరిచే ప్రార్థించాలి.

వాక్యం సంగతి. అరణ్యంలో 40 దినాల ఉపవాసం తర్వాత అపవాది, అంటే సైతాను, మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ యేసు ద్వితీయోపదేశకాండం నుంచే జవాబిచ్చాడు: 8:3, 6:16, 6:13. అప్పటికప్పుడు గ్రంథపు చుట్ట విప్పి వెతకలేదు, లోపల ఉంది గనుక నోటికి వచ్చింది. అపవాది కూడా 91వ కీర్తన వల్లించాడని మరవకండి. వచనాలు తెలిసినంత మాత్రాన గెలవం, ఆ శోధనకు సరిపడే వచనం కావాలి. నాలుగో శతాబ్దపు సన్యాసి ఎవాగ్రియస్ చెడు తలంపులను ఎనిమిదిగా విడదీసి, ఒక్కో దానికి ఎదురు చెప్పే వచనాలను వేర్వేరుగా కూర్చాడు. మనకు అంత అక్కర్లేదు. నోటుబుక్కులో తేలిన రెండు వేళలకు రెండు వచనాలు చాలు. చిన్న అట్టముక్క మీద రిఫరెన్సుతో సహా చేత్తో రాసి చొక్కా జేబులో పెట్టుకోండి, రోజుకు 5 సార్లు పైకి చదవండి. ఫోనులో పెట్టుకుంటానంటారు కొందరు. శోధన వచ్చేదే ఫోనులో అయినప్పుడు మందు కూడా అక్కడే పెట్టకూడదు. ఆ ఫోను రాత్రి 10కి హాల్లోనో వంటగదిలోనో చార్జింగుకు పెట్టి, లేవడానికి మామూలు అలారం గడియారం కొనుక్కోండి.

ఒళ్లుకు సంబంధించిన శోధనల గురించే మాట్లాడి డబ్బు శోధనను వదిలేయడం మన సంఘాల్లో అలవాటైంది. జూన్, జులైలో చిత్తూరు మండీలకు తోతాపురి మామిడి లోడ్లు దిగేటప్పుడు కాటా దగ్గర నిలబడే విశ్వాసికి వచ్చే శోధన చిన్నది కాదు. వెనక ట్రాక్టర్లు వరసకట్టి ఉంటాయి, రైతు రాత్రంతా నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉంటాడు, తూకంలో తీసేసే తరుగు కింద ఇంకో పది కిలోలు కొట్టేసినా అడిగే ఓపిక అతనికి ఉండదు. ఆ నిమిషంలో ప్రార్థించే తీరిక ఎవరికీ దొరకదు. అందుకే సీజను మొదలు కాకముందే, మేలోనే, కూర్చుని దేవుని ఎదుట తేల్చుకోవాలి: తరుగు ఎంత తీస్తాను, ఎవరు చెప్పినా ఎంతకు మించి తీయను. ఆ అంకె కాగితం మీద రాయాలి. "దొంగత్రాసు యెహోవాకు హేయము" అన్న సామెతలు 11:1 కాటా పక్కన గోడకు అంటిస్తే రైతు కూడా చదువుతాడు, అది మంచి కాపలా. ఇప్పటికే తీసుకున్నది ఉంటే క్షమించమని దేవుణ్ణి అడిగి ఊరుకుంటే సరిపోదు. సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు.

ఉపవాసం గురించి కొద్దిగా. శ్రమల దినాలు (లెంట్) భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు దాకా 46 రోజులు, ఆదివారాలు ఆరు తీసేస్తే 40. ఆ దినాల్లో ఒక పూట మాని ఆ సమయం ప్రార్థనకు ఇస్తే శరీరానికి "వద్దు" అన్న మాట అలవాటవుతుంది. నీళ్లు తాగండి. షుగరు మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా చేయొద్దు, వాళ్లు టీవీయో ఫోనో మానవచ్చు. ఉపవాసం రోజు ఇంట్లోవాళ్ల మీద చిరాకు పెరిగితే, ఉపవాసముండి కలహించేవాళ్లను మందలించే యెషయా 58 చదివి, ముందు వాళ్లను క్షమాపణ అడగండి.

పడిపోతే? పడిన క్షణానికీ ప్రార్థనకూ మధ్య దూరాన్ని తగ్గించండి. ఆదివారం దాకా ఆగితే ఈలోపు ఇంకో మూడుసార్లు పడతాం. ఈ మొహంతో ఎలా ప్రార్థించాలని సిగ్గుపడే మనిషి కోసమే 51వ కీర్తన ఉంది, అది ఆ మిద్దె దిగిన దావీదు పాడిందే. ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడన్న 1 యోహాను 1:9 పట్టుకుని, పాపాన్ని పేరు పెట్టి ఒప్పుకుని, లేచి ముఖం కడుక్కుని పనిలో పడండి.

తాగుడు వంటి వ్యసనానికి ప్రార్థనతో పాటు వైద్యమూ కావాలి. రోజూ బాగా తాగే మనిషి ప్రార్థన కూటంలో కదిలిపోయి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్సు, మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అది దయ్యం పట్టడం కాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉన్నారు, 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు. పాస్టరుగారు పక్కన కూర్చుని ప్రార్థించడానికి ఆసుపత్రి మంచం అడ్డు కాదు.

చివరగా, ఒంటరిగా పోరాడొద్దు. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు 5:16లో ఉంది. అందరితో అక్కర్లేదు, ఒక్క మనిషితో చాలు. మగవాళ్లు మగవాళ్లతో, ఆడవాళ్లు ఆడవాళ్లతో, మీకంటే విశ్వాసంలో పెద్దవాళ్లతో. వాట్సాప్ గ్రూపులో ప్రార్థన అంశంగా పెడితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, అలా గాయపడి మందిరమే మానేసినవాళ్లు ఉన్నారు. విన్న పెద్దాయన భార్యకు కూడా చెప్పకూడదు. శనివారం సాయంత్రం పది నిమిషాలు కలిస్తే చాలు. ఆత్మీయంగా ఎలా ఉన్నావు తమ్ముడూ అని అడిగితే "దేవుని కృప అన్నా" అంటాడు, సంభాషణ అక్కడితో అయిపోతుంది. దానికి బదులు ఇలా అడగండి: "ఈ వారం ఏ రోజు, ఎన్ని గంటలప్పుడు కష్టమైంది?"