నెల కిందట ఏం తిన్నాడో

కిట్టుగాడి కళ్ళు ఇవాళ కాస్త తెల్లబడ్డాయి, పెరుగన్నం ఇంకో ముద్ద అడిగి పెట్టించుకున్నాడు. ఆ సంతోషంతో పడుకోవచ్చు కదా, నిద్ర రావడం లేదు. పొద్దుటి నుంచి ఎవరు ఫోన్ చేసినా అత్తయ్యది ఒకటే మాట: "మొన్న శనివారం బండి మీద పానీపూరీ తిన్నాడమ్మా, అదే కొంప ముంచింది."

శనివారం తింటే మంగళవారానికి కామెర్లు రావు అత్తయ్యా అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. పరీక్షలో తేలింది హెపటైటిస్ ఎ, కలుషితమైన తిండీ నీళ్ళతో లివరుకి పట్టే వైరస్ జబ్బు. ఆ వైరస్ ఒంట్లో చేరాక బయటపడటానికి రెండు నుంచి ఏడు వారాలు, మామూలుగా ఓ నాలుగు వారాలు పడుతుంది. నెల కిందట వీడు హాస్టల్లో ఉన్నాడు, మధ్యలో ఫ్రెండు వాళ్ళక్క పెళ్ళికెళ్ళాడు, అక్కడ చల్లటి జ్యూసులు, కోసిపెట్టిన పళ్ళు. ఎవరో బాత్రూమ్‌కెళ్ళొచ్చి చేతులు సరిగ్గా కడుక్కోకుండా కీరా తరిగి ఉంటారు. జబ్బుందని వాళ్ళకీ తెలిసుండదు, ఎందుకంటే కామెర్లు కనబడకముందు రెండు వారాల్లోనే ఇది బాగా అంటుకుంటుంది, చిన్నపిల్లలకైతే చాలాసార్లు పైకి ఏమీ కనబడదు.

అంతకన్నా చిరాకు చెరుకు రసం. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ "చెరుకు రసం పట్టండి, చలవ" అనేవాళ్ళే. సాయంత్రం బావగారు సందు చివర బండి దగ్గర కవర్లో కట్టించుకొచ్చారు, ఐసు ముక్కలు తేలుతున్నాయి. గోనెసంచిలో చుట్టి, రోడ్డు మీద ఈడ్చి, సుత్తితో కొట్టిన ఐసు! గడ్డకట్టినంత మాత్రాన ఈ వైరస్ చావదు, 85 డిగ్రీల వేడి ఒక నిమిషమైనా తగలాలి. మొహమాటానికి తీసుకుని, ఆయన అటు వెళ్ళగానే సింకులో పోశాను.

ఇక పసరు. చిన్నప్పుడు నాకు కామెర్లొస్తే నాన్న తెల్లారకుండా సైకిలు మీద పక్కూరు తీసికెళ్ళారు, పరగడుపున తాగాలని. అరుగు మీద బారుగా పచ్చటి కళ్ళ మనుషులు. ఆ పెద్దాయన బొటనవేలితో కింది రెప్ప లాగి చూసేవాడు, గోళ్ళ నిండా ఆకు పసరు, అదే వేలు నా వెనకవాడి రెప్పకీ. అందరికీ ఒకటే ఇత్తడి గ్లాసు, బకెట్లో ఓసారి ముంచి మళ్ళీ నింపడమే. ఆపైన అమ్మ చప్పిడి పథ్యం: ఉప్పు లేదు, కారం లేదు, పోపు లేదు. పక్కవాటాలోంచి వంకాయ వేపుడు వాసనొస్తే ఏడ్చాను.

తగ్గింది. తగ్గకేం, హెపటైటిస్ ఎ అయితే చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది, పేరు మాత్రం పెద్దాయనకి.

ఇదంతా అత్తయ్య మొహాన చెప్పాలనే రాయడం మొదలుపెట్టాను. కానీ డాక్టరుగారు మాత్రం ఏమిచ్చారని? "దీనికంటూ మందు లేదు, రెస్టు తీసుకో, నన్నడక్కుండా పారాసిటమాల్ కూడా వేసుకోకు" అన్నారు. అమ్మ పథ్యం పేరు చెప్పి నన్ను మంచం దిగనివ్వలేదు, బయటి తిండి ముట్టనివ్వలేదు. అత్తయ్య చేస్తున్నదీ అదే కదా. ఉప్పు మానక్కర్లేదు, అంతే. పసరుకి మాత్రం ఒప్పుకోను. వాంతులు ఆగక, మాట తికమకపడే మనిషిని ఆసుపత్రికి తీసికెళ్ళకుండా పసరు కోసం బస్సెక్కించేవాళ్ళు ఇంకా ఉన్నారు.

బాత్రూమ్‌ దగ్గర శానిటైజర్ తీసేసి సబ్బు పెట్టాను, ఈ వైరస్‌కి అదే నయం. ఆయనకీ పాపకీ టీకా వేయించాలి, సర్కారు ఉచిత టీకాల్లో ఇది లేదు, కొనుక్కోవాల్సిందే. అదీ అంటుకునే అవకాశం మొదలైన రెండు వారాల్లోపు పడాలి. రేపు మీటింగుందట ఆయనకి. సూదంటే భయమని నాకు తెలీదనుకుంటున్నారు.