ఆర్వెల్ అని రాయని ఆర్వెల్ సమాధి

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మూడేళ్లుగా ఉంటున్నా, ఇంగ్లిష్ రచయిత జార్జ్ ఆర్వెల్ సమాధి ఇంత దగ్గర్లో ఉందని మొన్నటిదాకా తెలీదు. శనివారం రైలెక్కి డిడ్‌కాట్‌లో దిగితే బస్సు కళ్లముందే వెళ్లిపోయింది, ఇంకోదాని కోసం నిలబడే ఓపిక లేక నడిచేశాను, గంటకు పైనే పట్టింది.

సటన్ కోర్ట్‌నీ చిన్న ఊరు. ఆల్ సెయింట్స్ చర్చి ఆవరణలో ఆర్వెల్ పేరు కోసం రెండు రౌండ్లు కొట్టాను, దొరకలేదు. ఎలా దొరుకుతుంది, రాయి మీద చెక్కింది అసలు పేరు: ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. పుట్టింది 1903 జూన్ 25, పోయింది 1950 జనవరి 21. అంతే! రచయిత అని గానీ, ఆయన ప్రసిద్ధ నవల '1984' పేరు గానీ ఎక్కడా లేదు. ముందున్న గులాబీ కొమ్మ పక్కకు జరిపి చదువుతుంటే ముల్లు జాకెట్‌కి పట్టుకుంది.

ఇది ఆయన ఊరేం కాదు. పుట్టింది మన బీహార్‌లోని మోతీహారీలో, తండ్రి అక్కడ నల్లమందు శాఖ ఉద్యోగి. క్షయతో లండన్ ఆసుపత్రిలో 46 ఏళ్లకే పోతే, ఈ ఊళ్లో ఇల్లున్న స్నేహితుడు, అబ్జర్వర్ పత్రిక సంపాదకుడు డేవిడ్ ఆస్టర్ ఇక్కడ చోటు ఇప్పించాడు. 2001లో పోయిన ఆస్టర్ సమాధీ ఆ దగ్గర్లోనే ఉంది.

ఆర్వెల్ అనగానే అందరూ '1984'లోని నిఘా తలుచుకుని సీసీ కెమెరాలంటారు. నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం ఆ నవల్లో ప్రభుత్వం తయారుచేసిన 'న్యూస్పీక్' అనే భాష నిఘంటువు, కొత్త ముద్రణ వచ్చిన ప్రతిసారీ మాటలు తగ్గి బక్కచిక్కిపోతుంది. పాత ఆఫీసులో మా టీమ్‌లో సగంమందిని పీకేసి మెయిల్‌లో 'రీస్ట్రక్చరింగ్' అని రాసినరోజు నాకదే గుర్తొచ్చింది.

అంతలో అమ్మ వీడియో కాల్.

"ఎక్కడున్నావురా, ఆ రాళ్లేంటి?"

"ఒక రచయిత సమాధమ్మా. నువ్వు చూసే బిగ్ బాస్ ఉందే, దానికి మూలం ఈయనే."

"నాగార్జున చేసేదా? ఈయనకేం సంబంధం?"

చెప్పాను. నవల్లో జనాన్ని రాత్రీపగలూ కనిపెట్టి ఉండే నాయకుడు బిగ్ బ్రదర్, 1999లో డచ్‌వాళ్లు ఆ పేరుతో టీవీ షో మొదలెట్టారు, అదే మన దేశానికొచ్చి బిగ్ బాస్ అయింది. ఆయన భయపడి రాసినదాన్ని మనం అన్నం తింటూ చూస్తున్నాం అన్నాను.

"సర్లే, ఎవరైతేనేం, అంతదూరం వెళ్లావుగా, ఓ దణ్ణం పెట్టుకో. చలిలో తిరక్కు."

పెట్టుకున్నాను. తిరుగు బస్సు మాత్రం దొరికింది.