పాప తిండికి బిందెన్నర నీళ్లు: నా అనుభవం

బెజవాడ గుణదల కొండమీద మా ఇల్లు. కుళాయి పొద్దునొక గంట, సాయంత్రమొక గంట. పాపకి అన్నం మొదలుపెట్టిన వారమే లీటరు చెంబు పెట్టి నీళ్లు కొలిచాను. కట్ట తోటకూర మట్టి పోయేదాకా మూడుసార్లు జాడిస్తే 8 లీటర్లు. పప్పు, బియ్యం కడిగి ఉడికించడానికి 3. కుక్కరు, గిన్నె, స్పూను తోమడానికి 6. వండేముందు, తినిపించేముందు, పాపకి ముడ్డి కడిగాక సబ్బుతో చేతులు కడుక్కోవడానికి 5. మొత్తం 22. మా బిందె 15 లీటర్లది, అంటే రోజుకి బిందెన్నర. నీళ్లు తక్కువైన రోజు ముందు మానేసేది ఆకుకూర, ఆ తర్వాత పప్పు. బిస్కెట్టుకి కడిగే పని లేదు కాబట్టి అది చేతికొస్తుంది.

మనం మంచినీళ్లు, వాడుకనీళ్లు అని విడదీస్తాం. తాగడానికి టిన్ను కొంటాం, మిగతా అంతా డ్రమ్ము నీళ్లే. పాప విషయంలో ఆ గీత వేరేచోట గీయాలి. పొయ్యి మీదకి వెళ్లేవాటిని డ్రమ్ము నీళ్లతో కడిగినా ఫరవాలేదు, ఉడుకులో క్రిములు చస్తాయి. వండాక తగిలే నీళ్లే అసలు ప్రమాదం. తినిపించే స్పూను, అన్నం మెదిపే చెయ్యి, అరటిపండు కోసే చాకు, పైన చల్లే కొత్తిమీర, వీటికి మంచినీళ్లే వాడాలి.

వాటికోసం మూత, అడుగున కుళాయి ఉన్న 20 లీటర్ల డ్రమ్ము విడిగా పెట్టాను. కుళాయి రాగానే మొదటి రెండు బకెట్లు బాత్‌రూముకి పోతాయి. నీళ్లు లేని గంటల్లో గొట్టం ఖాళీగా ఉండి, లీకున్న చోట మురుగు లోపలికి లాగుతుంది. లైనుకి నేరుగా మోటారు బిగిస్తే ఇంకా ఎక్కువ లాగుతుంది. వానాకాలం బురదనీళ్లయితే ముందు పటిక తిప్పి, తేరాక మడతబట్టలో వడకట్టాలి. లేకపోతే వేసిన క్లోరిన్ అంతా బురదకే ఖర్చయిపోతుంది. తేటనీళ్లలో 20 లీటర్లకి సరిపడే క్లోరిన్ బిళ్ల వేసి (ఎన్ని లీటర్లకో అట్టమీద చూడాలి) అరగంట ఆగాలి. లేత క్లోరిన్ వాసన ఉండాలి, అది రాకపోతే మందు చాలలేదన్నమాట. టిన్ను నీళ్లకి ఈ రక్షణ ఉండదు, గ్లాసు ముంచిన చెయ్యి మురికిదైతే అవీ పాడవుతాయి.

పప్పు సంగతి చాలామంది పట్టించుకోరు. బోరునీళ్లలో కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటుంది. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పప్పుని మెత్తబడనివ్వవు. పాప ఉమ్మేస్తుంది, అమ్మ విసిగి పైన తేరిన కట్టు పోస్తుంది. కట్టులో బలమేం ఉంటుంది? నానబెట్టేదీ ఉడికించేదీ కృష్ణా కుళాయి నీళ్లతోనో టిన్ను నీళ్లతోనో చేస్తే, గంట నానిన పప్పు వేలితో నొక్కితే వెన్నలా అణుగుతుంది. వంటసోడా మాత్రం వద్దు, బి1 విటమిన్ పోతుంది.

ఆరు నెలలు నిండిన దగ్గర్నుంచి రెండేళ్లలోపు పిల్లలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 8 రకాల ఆహారాల్లో రోజుకి కనీసం 5 అందాలి. తొమ్మిది నెలలు నిండాక పూటకి పావులీటరు కప్పులో సగం, రోజుకి మూడు నాలుగుసార్లు. స్పూను వంచితే జారిపోనంత చిక్కగా ఉండాలి.

కుళాయి రాని రోజుకీ ఒక లెక్క ఉంది. ఆ 8 రకాల్లో తల్లిపాలు ఒకటి, ఉడికించిన గుడ్డు రెండు, తొక్క తీసిన అరటిపండు మూడు. అంగన్‌వాడీ బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, అవి మరో మూడు. గ్లాసు నీళ్లు తెర్లించి అందులో పొడి కలిపి, రెండు నిమిషాలు ఉడకనివ్వాలి. గోరువెచ్చటి నీళ్లలో కలిపితే విరేచనాలు పట్టుకోవచ్చు. మిగిలింది రెండు గంటలు దాటితే పారబోయాలి, బెజవాడ ఎండల్లో ఇంకా ముందే.