నీటికుక్క చేతిలో అరటి బోదె

మొన్న మీటింగులో నేను గీసిన బొమ్మ చూసి ఒకావిడ అడిగిన మాట నాలుగు రోజులైనా మనసులోంచి పోవడం లేదు. "చాలా బాగుంది, కానీ పందెంలో ఆఖరున వచ్చిన పిల్ల దీని దగ్గరికి వస్తుందా?" అన్నారు.

లీడ్స్‌లో నేను పనిచేసే స్టూడియోకి పిల్లల ఈత శిక్షణ కోసం మస్కట్, అంటే దానికి గుర్తుగా నిలిచే బొమ్మ, గీసే పని వచ్చింది. నీటికుక్క కావాలని వాళ్లే అడిగారు. ఇంగ్లండ్ నదుల్లో దాదాపు కనుమరుగైపోయిన ఈ జంతువు 2011 నాటికి ప్రతి కౌంటీలోనూ మళ్లీ కనిపించింది, అందుకే ఇక్కడివాళ్లకి అదంటే అంత ప్రేమ. రెండు వారాలు కూర్చున్నాను. పసిపిల్లల పోలికలుంటే మనకి ముద్దొస్తుందని 1943లోనే జంతువుల ప్రవర్తనని పరిశీలించిన శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ రాశాడు, ఆ లెక్కన పెద్ద తల, పెద్ద కళ్లు, గుండ్రటి బుగ్గలు పెట్టాను. రేపు ఆ బొమ్మ వేషం వేసుకుని పిల్లల మధ్య తిరిగే మనిషికి నోట్లోంచే దారి కనిపించాలి కాబట్టి నోరు బాగా తెరిచి నవ్వించాను. చివరగా మెడలో బంగారు పతకం వేసి, పిడికిలి బిగించి చెయ్యి పైకెత్తించాను.

ఆవిడ మెత్తగానే అన్నారు, నాకే మొహం వేడెక్కింది. మా వైపు పిల్లల్ని గెలుపు పిచ్చితో పెంచరండీ అని అక్కడే చెప్పేయాలనిపించింది. నేను ఈత నేర్చుకుంది అమలాపురం దగ్గర మా ఊరి కాలువలో, అరటి బోదె పట్టుకుని. అన్నయ్య పొట్ట కింద చెయ్యి పెట్టి తోసేవాడు, మునిగితే జుట్టు పట్టుకుని లేపేవాడు, అవతలి గట్టు చేరిన పెద్దపిల్లలు మళ్లీ వెనక్కొచ్చి చిన్నవాళ్లని తీసుకెళ్లేవారు, ఎవరు ముందు చేరారో ఎవరికీ పట్టేది కాదు. ఆరేళ్ల పిల్లకి కూడా ఈతలో లెవెళ్లూ బ్యాడ్జీలూ ఇచ్చేది ఇక్కడ కదా!

మరి ఆ పతకం నా చేతిలోంచి ఎలా వచ్చింది? బడిలో ఆగస్టు పదిహేనుకి స్టీలు గ్లాసు గెలిచినవాళ్లకే చప్పట్లు కొట్టేవాళ్లం, అదీ నిజమే. ఆ చప్పట్లే నా బొమ్మలోకి వచ్చేశాయి, కాలువ రాలేదు. 1980 మాస్కో ఒలింపిక్స్ ఎలుగుబంటి మిషాని మళ్లీ తీసి చూశాను. నడుముకి ఒలింపిక్ వలయాల బెల్టు, అంతే. మెడలో పతకం లేదు. ముగింపు రోజున అది బెలూన్లతో ఆకాశంలోకి వెళ్లిపోతుంటే జనం కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

ఇంకోటి కూడా తట్టింది. ఇక్కడి నీటికుక్క ఎక్కువగా ఒంటరిగా తిరిగే రకం. మన కోరింగ మడ అడవుల్లోవి కుటుంబంగా తిరుగుతాయి, చేపల్ని కలిసి తరుముతాయి. రాత్రి పతకం తీసేశాను. పిడికిలి విప్పి, ఆ చేతికి అరటి బోదె ఇచ్చి, నీళ్లలో ఉన్నవాళ్లవైపు చాపించాను. ఇక్కడి పిల్లలకి అది తేలే పలకలా కనిపిస్తుంది, ఫర్వాలేదు.

ఫొటో పంపితే అన్నయ్య వెంటనే ఫోన్ చేశాడు. వాడికి చేపల చెరువుంది.

"ఏరా, చెరువులో చేపలన్నీ తినేసే దాని బొమ్మా?"

"పిల్లలకి అన్నయ్యా, ఈత నేర్పడానికి."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "బోదె మరీ లావుగా వేశావురా. చిన్నపిల్లల చేతికి పట్టదు."